రిటైరైన డబ్బుతో పోర్షన్లు కట్టబోతున్న నల్లగొండ మిత్రులకు బహిరంగ లేఖ

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

పోయిన నెల రామగిరి దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో మా సైన్సు సారు పదవీ విరమణ సన్మానానికి వెళ్లాను. మెడలో దండ తీసి కుర్చీకి వేశారు గానీ శాలువా ఇంకా భుజం మీదే ఉంది. భోజనాల దగ్గర నా చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. ఏదో ఆరోగ్యం సంగతి అనుకున్నా. "సార్, వచ్చే పైసలతో పైన ఇంకో స్లాబు వేసి రెండు పోర్షన్లు తీస్తే ఎట్లుంటది?" అన్నారు. చేతిలో పప్పన్నం ప్లేటు పెట్టుకుని ఏం చెప్పగలను? ఇంటికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాను. చేయి కడుక్కునేలోపు ఇంకో ఇద్దరు వచ్చి అదే అడిగారు.

2021లో మన ప్రభుత్వ టీచర్ల, ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచారు. మూడేళ్లు సన్మానాలు లేవు. 2024 నుంచి మళ్లీ మొదలై, ఇప్పుడు నెలాఖరు వస్తే చాలు ఎక్కడో ఒకచోట శాలువా కప్పుతూనే ఉన్నారు. ప్రతి చోటా నాకు ఇదే ప్రశ్న. ఎందుకంటే మా ఇంటి గేటుకు టులెట్ బోర్డు వేలాడడం అందరూ చూశారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను.

దేవరకొండ రోడ్డు వైపు మాకు ఒక ఇల్లుంది. కింద మేము ఉంటాం, మా పక్కన ఒక చిన్న పోర్షన్, పైన రెండు. పైవి రెండూ 2016లో కట్టాం. లెక్కల టీచర్ని కాబట్టి మొదటి రోజు నుంచీ ఒక నోటుబుక్కు పెట్టాను. కిరాయి వచ్చిన తేదీ, ప్లంబర్‌కు ఇచ్చిన రెండొందలు, మోటారు వైండింగ్, ఖాళీగా ఉన్న రోజులు, అన్నీ అందులో ఉన్నాయి. మా ఆవిడ దాన్ని 'చిత్రగుప్తుడి చిట్టా' అంటుంది.

ఆ చిట్టా ఏం చెబుతుందో ముందు వినండి. పైన రెండు పోర్షన్లకు కిరాయి ఒక్కోదానికి 8 వేలు. ఏడాదికి 1,92,000. ఫంక్షన్ హాల్లో అందరూ చెప్పుకునేది ఈ అంకెనే. ఇక్కడి నుంచి తీసేయడం మొదలుపెట్టండి. ఒక్కో పోర్షన్ సగటున ఏడాదికి నెలన్నర ఖాళీగా ఉంటుంది. అంటే 24 వేలు. మనిషి మారినప్పుడల్లా రంగులు, కుళాయిలు, తలుపు గొళ్లాలు, ఏటా ఏదో ఒక మోటారు పని కలిపి 28 వేలు. పై అంతస్తు వల్ల పెరిగిన ఇంటి పన్ను, మెట్ల లైటు, ట్యాంకు కడగడం లాంటివి 7 వేలు. మిగిలేది 1,33,000.

మాకు 2016లో ఆ రెండు పోర్షన్లకు 22 లక్షలయింది. ఇప్పుడు అదే మేస్త్రిని అడిగితే 30 లక్షలకు పైసా తగ్గనంటున్నాడు. 30 లక్షల మీద 1,33,000 అంటే నాలుగున్నర శాతం కూడా కాదు. అదే 30 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తే, 2023 ఏప్రిల్ నుంచి ఇస్తున్న 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 ఖాతాలో పడుతుంది. ఆ స్కీములో ఒక మనిషి వేయగలిగిన గరిష్ఠం కూడా సరిగ్గా 30 లక్షలే. ఆ డబ్బుకు సింకు జామ్ కాదు, రాత్రి పదకొండింటికి ఫోనూ రాదు.

మరి నేనెందుకు కట్టాను అంటారా? రెండు కారణాలు. 2016లో 4,500 ఉన్న కిరాయి ఇప్పుడు 8 వేలయింది, పోస్టాఫీసు వడ్డీ అట్లా పెరగదు. పైగా ఆ వడ్డీ మొత్తం ఆదాయపు పన్ను లెక్కలో కలుస్తుంది. కిరాయిలో అయితే కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద కొట్టేసుకోవచ్చు, బిల్లులు చూపించే పని లేదు. రెండో కారణం, పిల్లలిద్దరూ దూరాన ఉన్నారు, ఇంట్లో నాలుగు కుటుంబాల అలికిడి ఉంటే మాకు ధైర్యం. దీనికి విలువ కట్టడం నాకు రాలేదు, నోటుబుక్కులో రాయలేదు.

కాబట్టి నా మాట ఇది. కింద ఇల్లు మీదై ఉండి, పునాది, పిల్లర్లు పై అంతస్తు మోస్తాయని ఇంజినీరు చూసి చెప్పి ఉంటే, చేతిలో డబ్బుతో కట్టుకోండి. మొత్తం డబ్బుతో కాదు, సగం పోస్టాఫీసులో పెట్టాకే. అప్పు చేసి మాత్రం వద్దు. ఎనిమిది, తొమ్మిది శాతానికి తెచ్చి నాలుగున్నర శాతం సంపాదించడమంటే అరవై ఏళ్లు దాటాక బ్యాంకుకు కూలికి పోవడమే. కిరాయికి ఇవ్వడం కోసమే ప్లాటు కొని కడతామంటే లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది. 150 గజాలు గజం 20 వేలు అనుకుంటే 30 లక్షలు, దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే ఇంకో 2,25,000. కట్టడానికి 30. మొత్తం 62 లక్షలు దాటింది. వచ్చేది అదే 1,33,000. రెండు శాతం పైన కొద్దిగా. రేపు భూమి ధర పెరుగుతుందన్న ఆశ మీద కొంటున్నామని ఒప్పుకుని కొనండి, కిరాయి పేరు చెప్పుకోవద్దు.

ప్లాటు అనేసరికి చౌటుప్పల్, నారాయణపూర్ వైపు నుంచి, హైదరాబాద్ చుట్టూ వేసే రీజినల్ రింగ్ రోడ్డు బ్రోచర్లు పట్టుకుని ఎవరో ఒకరు వస్తారు. రంగు రంగుల మ్యాపు మీద రోడ్డు మన ప్లాటుకు ఆనుకునే పోతుంది. మరీ ఆనుకుంటే భూసేకరణలో ప్లాటే పోవచ్చని మాత్రం అందులో ఉండదు. వివరంగా రాస్తే అదే ఒక పుస్తకమవుతుంది, రెండు ముక్కల్లో చెబుతా. లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ముప్పై ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల చిట్టా), లేఅవుట్ అనుమతి నంబరు, 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూడండి. లేఅవుట్ అనుమతి లేని ప్లాటుకు 2020లో ఎల్‌ఆర్‌ఎస్ (అట్లాంటి ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) దరఖాస్తు పెట్టారా, పెడితే ఫీజు కట్టి ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు తీసుకున్నారా అడగండి. వెయ్యి రూపాయల దరఖాస్తు రశీదు చూపించి "ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయింది సార్" అనేవాళ్లు బోలెడుమంది. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. అది చెరువు శిఖమో (నీళ్లు నిలిచే చెరువు భూమి) కాదో తెలియాలంటే ఊళ్లో పాతకాలపు రైతునొకరిని అడగండి, మ్యాపు కన్నా ముందు ఆయన చెబుతాడు.

ఇక కట్టినవాళ్లకు, కట్టక తప్పనివాళ్లకు పనికొచ్చే సంగతులు.

మీటర్ల దగ్గర నేను చేసిన తప్పు చెప్తా. పైన కట్టినప్పుడు మీటరుకు డిపాజిట్ ఎందుకు దండగని పాత మీటరు మీదే సబ్ మీటర్లు పెట్టాను. నెలాఖరున రీడింగ్ తీసి యూనిట్‌కు ఇంత అని వసూలు చేసేవాణ్ని. తప్పు ఎక్కడుందో చూడండి. మూడు కుటుంబాలు తలా 150 యూనిట్లు కాల్చాయనుకుందాం. వేర్వేరు మీటర్లయితే మొదటి వందకు 3.40, తర్వాతి యాభైకి 4.80 చొప్పున ఒక్కో ఇంటికి 580. ముగ్గురికీ కలిపి 1,740. అదే ఒక్క మీటరు మీద 450 యూనిట్లు తిరిగితే శ్లాబు మారిపోతుంది. మొదటి రెండు వందలకు 5.10, తర్వాతి వందకు 7.70, ఆ పై వందకు 9 రూపాయలు, మిగిలిన యాభైకి 9.50. మొత్తం 3,165. కరెంటు అంతే, మనుషులూ అంతే. ఏకంగా 1,425 ఎక్కువ. ఇది 2022లో సవరించిన రేట్లతో వేసిన లెక్క, ఫిక్స్‌డ్ చార్జీలు కలపలేదు. ఆ ఎక్కువ బిల్లు కిరాయికి ఉన్నవాళ్ల మీద వేస్తే, సార్ కరెంటులో కూడా సంపాదిస్తున్నాడని అంటారు. నన్ను అన్నారు. నా వెనకాల కాదు, మెట్ల మీద నిలబడి నాకు వినబడేలాగే అన్నారు.

2024 మార్చిలో గృహజ్యోతి వచ్చాక సంగతి ఇంకా ముదిరింది. రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా. కానీ కార్డును, ఆధార్‌ను కలిపేది మీటరు సర్వీసు నంబరుతో. సబ్ మీటరుకు సర్వీసు నంబరు ఎక్కడిది? పైన ఉన్న ఆటో డ్రైవర్ కుటుంబం కాగితాలన్నీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వాళ్లకు రావాల్సిన సాయం నా పిసినారితనం వల్ల ఆగిపోయిందని తెలిసి ఆ నెలలోనే కరెంటు ఆఫీసులో దరఖాస్తు చేసి వేర్వేరు సర్వీసులు తీసుకున్నాను. మోటారుకు, మెట్ల లైట్లకు ఇంకో చిన్న మీటరు. ఇప్పుడు ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు గేటు లోపలికి రాగానే అడిగే మొదటి మాట "మీటరు వేరేనా అంకుల్?" మీరు కట్టేటప్పుడే పోర్షన్‌కో మీటరు పెట్టించండి.

రెండో ప్రశ్న నీళ్లది. ఇది మన జిల్లా ప్రత్యేకం. హైదరాబాద్‌లో "నీళ్లు ఉన్నాయా?" అంటారు, నల్లగొండలో "ఏం నీళ్లు?" అంటారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులను చిన్నప్పటి నుంచీ చూసిన జిల్లా మనది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, 'నల్గొండ టెక్నిక్' అని. కృష్ణా నీళ్లు నల్లాకు వస్తున్నా చాలా ఇళ్లలో సంపు ఒక్కటే ఉంటుంది. అందులోకే బోరు, అందులోకే నల్లా. రెండూ కలిసిపోయాక అది ఏ నీళ్లని చెబుతాం? కొత్తగా కట్టేవాళ్లు నల్లా నీళ్లకు వేరే చిన్న సంపు, పైన వేరే చిన్న ట్యాంకు పెట్టి, ఒక్కో వంటింట్లోకి ఒక్క పైపు దించండి. బాత్రూములకు బోరు నీళ్లు చాలు. కట్టేటప్పుడైతే ఇదేమంత ఖర్చు కాదు. కట్టాక గోడలు పగలగొట్టాలంటే మాత్రం నాలాగా ఏడవాల్సిందే. బోరు నీళ్లకు గీజర్లో, కుళాయిల్లో తెల్లగా గార కడుతుంది. గీజర్ పాడైతే మనుషుల మీద అరవకండి, నీళ్ల మీద అరవండి.

చెమ్మ గురించి ఒక్క మాట. పై బాత్రూములో టైల్స్ వేసే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద స్లాబు చూడండి. మేస్త్రి "ఏం కాదు సార్" అంటాడు. కింద పడుకునేది ఆయన కాదు.

ఇక పంచాంగం. నవ్వకండి, నా నోటుబుక్కులో ఖాళీ నెలలన్నీ వరుసగా చూస్తే ఆషాఢం, పుష్యం కుప్పలుగా కనిపిస్తాయి. శూన్యమాసంలో ఎవరూ పాలు పొంగించరు. జ్యేష్ఠం చివర్లో ఇల్లు ఖాళీ అయిందంటే శ్రావణం వచ్చేదాకా టులెట్ బోర్డు ఎండకు వెలిసిపోవాల్సిందే. మనం రాసుకునేది 11 నెలల అగ్రిమెంటు కాబట్టి గడువు ఏటా ఒక నెల ముందుకు జరుగుతూ ఏదో ఒక ఏడు ఆషాఢంలోకి వచ్చి పడుతుంది. ఆ ఏడాది రెన్యువల్ మాట రెండు నెలల ముందే ఎత్తండి, అవసరమైతే ఒక నెల అటూ ఇటూ జరిపి రాసుకోండి. మన దగ్గర ఇంకో సీజన్ ఉంది, జూన్‌లో బడులు తెరిచే ముందు. కనగల్, తిప్పర్తి, మునుగోడు, నాంపల్లి మండలాల నుంచి పిల్లల చదువుల కోసం తల్లులు టౌనుకు వచ్చేస్తారు, తండ్రులు ఊళ్లో వ్యవసాయం చూసుకుంటూ వారానికోసారి బియ్యం, కూరగాయలు తెచ్చి పోతుంటారు. నా అనుభవంలో వాళ్లంత స్థిరంగా ఉండేవాళ్లు లేరు. పిల్ల పదో తరగతి అయ్యేదాకా కదలరు. ఐదొందలు తక్కువైనా వాళ్లకే ఇవ్వండి. ఒక్క నెల ఖాళీ అంటే 8 వేలు. నెలకు 500 తగ్గిస్తే ఏడాదికి 6 వేలే. నెలకు ఐదొందల కోసం బెట్టు చేసి ఇల్లు ఖాళీ పెట్టుకున్నవాళ్లు మన వీధిలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

కాగితం మాట. 11 నెలలే ఎందుకంటే, ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతుంది. ఆ చట్టం ప్రకారమే, నెల నెలా కిరాయికి ఉన్నవాళ్లను ఖాళీ చేయించాలంటే వేరే ఒప్పందం లేకపోతే 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంటులో దాన్ని రెండు వైపులా నెల రోజులని రాసుకుంటే ఇద్దరికీ మర్యాద. అడ్వాన్స్ రెండు నెలలు దాటి అడగకండి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాసానికి పెట్టిన హద్దు కూడా అదే. రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అది చట్టమవుతుంది గానీ, పద్ధతి మాత్రం మంచిది. తాళం ఇచ్చే రోజు ఖాళీ ఇంటిని ఫోన్లో వీడియో తీయండి. ప్రతి గది, ప్రతి కుళాయి, మీటరు రీడింగుతో సహా. తీసింది వాళ్లకూ పంపండి. అడ్వాన్స్ తిరిగిచ్చే రోజు "ఈ టైలు ముందే పగిలింది" "లేదు మీరే పగలగొట్టారు" అన్న రామాయణం ఉండదు. కిరాయి ఫోన్‌లో వేయమనండి, చేతికిస్తే రశీదు ఇవ్వండి.

కిరాయి ఆలస్యం చేశారని కరెంటు తీసేయడం, మోటారు ఆపేయడం చేయకండి. మాకు తెలిసిన ఒకాయన అట్లాగే నాలుగు రోజులు నీళ్లు బంద్ పెట్టాడు. చంటిపిల్ల ఉన్న ఇల్లు. వాళ్లు పోలీస్ స్టేషన్‌కు పోయారు. బాకీ రెండు నెలల కిరాయి, ఆయన మాత్రం మూడు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగాడు, బాకీ అట్లాగే ఉండిపోయింది. నోటీసు, ఆ తర్వాత కోర్టు, దారి అదొక్కటే. అది పొడుగాటి దారి కాబట్టే ఇచ్చే ముందు ఆలోచించాలి.

ఇచ్చే ముందు ఆలోచించడం అంటే మనవాళ్లు వేరే అర్థం తీసుకుంటారు. ఇది రాయడానికి నాకు సిగ్గే. 2019లో ఇక్కడ మెడికల్ కాలేజీ మొదలైన కొత్తలో ఒక స్టాఫ్ నర్సు ఇల్లు చూడడానికి వచ్చింది. అచ్చంపేట వైపు అమ్మాయి, తోడు తమ్ముడు. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది, వంటగది చూసి నచ్చిందంది. అప్పుడు నేనే అడిగాను, "మీరు ఏమోళ్లమ్మా?" అని. ఆమె తడుముకోకుండా చెప్పింది. నేను తడుముకున్నాను. "మా చుట్టాలొచ్చేదుందమ్మా, ఇప్పుడే ఏం చెప్పలేను" అన్నాను. ఆమె ఇంకేం అడగలేదు. వంగి చెప్పుల పట్టీ పెట్టుకుంటుంటే ఆ తమ్ముడు నన్నే చూస్తూ నిలబడ్డాడు. బళ్లో ముప్పై ఏళ్లు అట్లాంటి పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషిని నేను.

ఆ పోర్షన్ మూడు నెలలు ఖాళీగా ఉంది. అప్పటి కిరాయి 6 వేలు, అంటే 18 వేలు. నోటుబుక్కులో ఆ పేజీలో కారణం దగ్గర ఏమీ రాయలేదు. ఆమె మాకు రెండిళ్ల అవతల చేరింది. 2021లో కరోనా రెండో అల పెరిగినప్పుడు మా ఆవిడకు జ్వరం వస్తే, డ్యూటీ దిగి వస్తూ రోజూ సాయంత్రం గేటు దగ్గర ఆగి, ఆక్సీమీటరు లోపలికిచ్చి, అంకె ఎంతో బయటి నుంచే అడిగి పోయేది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ ప్రశ్న మానేశాం. ఉద్యోగం ఏమిటి, ఎంతమంది ఉంటారు, ఇంతకుముందు ఎక్కడున్నారు, ఆ ఓనరు నంబరు ఇస్తారా, ఆధార్ కాపీ ఇస్తారా. అడగాల్సినవి ఇవి. పాత ఓనరుకు ఒక్క ఫోన్ చేస్తే కులం అడిగి తెలుసుకునేదానికన్నా వంద రెట్లు తెలుస్తుంది.

ఇంకొకటి ఉంది, ఎవరూ అగ్రిమెంటులో రాయరు. కిరాయి ఇంట్లో చావు.

మా పక్క వీధిలో కిరాయికి ఉన్నవాళ్ల తండ్రి ఆసుపత్రిలో పోయాడు. అంబులెన్స్ ఇంటి ముందుకు వచ్చేసరికి ఓనరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గృహప్రవేశం అయి ఇంకా ఏడాది కాలేదు, లోపలికి వద్దన్నాడు. రోడ్డు మీదే టెంటు వేశారు. సన్నగా జల్లు పడుతోంది. టెంటు అంచు నుంచి కారుతున్న నీళ్లు పడకుండా ఒక పిల్లాడు బకెట్ పట్టుకుని కూర్చున్నాడు. ఆ ఓనరు చెడ్డవాడు కాదు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీలు ఆయనే పంపాడు. గేటు మాత్రం తీయలేదు.

మనలో చాలామందికి ఆ భయం ఉంది. మంచి నక్షత్రం కాదంటే, ధనిష్ఠా పంచకమంటే ఇన్ని నెలలు ఇల్లు మూయాలంటారు, కిరాయి పోతుంది, మళ్లీ ఎవరొస్తారో అని. 2023లో మా కింది పోర్షన్‌లో ఒక పెద్దాయన నిద్రలోనే పోయాడు. మా వరండాలోనే పడుకోబెట్టాం. పంతులుగారు చెప్పిన శాంతి వాళ్లూ మేమూ చెరిసగం పెట్టుకుని చేయించాం. ఆ కుటుంబం ఏడాది మాసికం దాకా ఉండి ఊరికి వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాళ్లకు ముందే చెప్పాం, ఈ గదిలో ఒకాయన పోయాడమ్మా అని. వచ్చినావిడ గదంతా ఒకసారి చూసి "ఎవరింట్లో పోరు ఆంటీ, కిరాయి ఎంత?" అంది. కాబట్టి టులెట్ బోర్డు రాయించే ముందే భార్యాభర్తలు కూర్చుని ఈ ఒక్క సంగతి తేల్చుకోండి. మన ఇంట్లో ఉన్నవాళ్లకు పురుడు వస్తుంది, చావు వస్తుంది. అప్పుడు గేటు తీస్తామా, తీయమా? తీయలేమనుకుంటే డబ్బు పోస్టాఫీసులో పెట్టండి. నేను నిజంగానే అంటున్నాను.

మిగిలినవి గబగబా. 75 గజాలు దాటి 600 గజాలలోపు స్థలంలో ఇల్లయితే ఆన్‌లైన్‌లో సెల్ఫ్ సర్టిఫికేషన్ మీదే అనుమతి ఇచ్చేలా 2020లో చట్టం తెచ్చారు. మీరు రాసిచ్చిందే ప్రమాణం కాబట్టి అబద్ధం రాస్తే మీ మెడకే చుట్టుకుంటుంది. వదలాల్సిన జాగా వదలండి, పక్కింటాయన సజ్జ మీద మీ మెట్లు దింపకండి. ఇంటి పన్ను ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే ఐదు శాతం తగ్గిస్తారు, ఆలస్యమైతే నెలకు రెండు శాతం చొప్పున పెరుగుతుంది. కరెంటు సర్వీసు, ఇంటి నంబరు, నల్లా కనెక్షన్, మూడూ ఒకే పేరు మీద ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. మనం పోయాక పిల్లలు అమెరికా నుంచి వచ్చి ఆఫీసుల చుట్టూ తిరగలేరు. కిరాయి ఆదాయం ఐటీ రిటర్న్‌లో చూపండి, ఇప్పుడు అంతా ఫోన్‌లోనే వస్తోంది కాబట్టి దాచినా దాగదు.

సైన్సు సారు పోయిన ఆదివారం ఇంటికి వచ్చారు. నోటుబుక్కు ముందర పెట్టాను. మూడు కప్పుల టీ అయ్యేదాకా తిరగేసి, "సార్, ఈ 2019 పేజీలో కారణం ఖాళీగా వదిలేశారేంటి?" అని అడిగారు. చెప్పాను. పై అంతస్తు కడతారో లేదో ఆయన ఇంకా చెప్పలేదు. మీలో ఎవరైనా చూడాలనుకుంటే ఆదివారం పొద్దున పది తర్వాత రండి, పుస్తకం ఇస్తా గానీ ఇంటికి తీసుకుపోనివ్వను.

పైనుంచి పిలుస్తున్నారు. గీజర్‌లో మళ్లీ గార పట్టిందట, ఎలిమెంటు తెచ్చేసరికి షాపు మూసేసేలా ఉన్నాడు. ఉంటాను.

ఇట్లు,
దేవరకొండ రోడ్డు, నల్లగొండ నుంచి
మీ లెక్కల సారు